మా మామయ్యకి వచ్చిన వీడియో కాల్, ఆ తర్వాత నడిచిన కథ

ఇది నాకు జరిగింది కాదు, మా మామయ్యకి, అంటే మా ఆవిడ వాళ్ల నాన్నకి జరిగింది. కానీ ఫోన్లు చేయడం, స్టేషన్ చుట్టూ తిరగడం, కాగితాలు పట్టుకుని నిలబడటం చాలావరకు నేనే చేశాను కాబట్టి నా అనుభవం అనే రాస్తున్నా. ఆయన్ని అడిగే రాస్తున్నా. "పేరు, ఊరు వద్దు బాబూ. మిగతాదంతా రాయి, ఎంత పోయిందో కూడా రాయి" అన్నారు.

మామయ్య గవర్నమెంట్ స్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైర్ అయ్యారు. నల్గొండ జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో ఒక్కరే ఉంటారు, అత్తయ్య పోయి మూడేళ్లయింది. పొద్దు పోతుందని ఫేస్‌బుక్ అలవాటు చేసింది మా ఆవిడే. పాత విద్యార్థులు, చుట్టాలు, రిటైర్డ్ టీచర్లు, గుడి కమిటీ వాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఆ ఫ్రెండ్స్ లిస్టు ఎవరు చూసినా కనిపించేలా ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడిచింది.

2025 జనవరి 9, గురువారం, సాయంత్రం ఏడు దాటింది. ఆయన ఫోన్ చేసి "పక్కన అమ్మాయి ఉందా?" అని అడిగారు. లేదు, నేనింకా ఆఫీసులోనే ఉన్నా అన్నాను. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. గొంతు వింటే గుండెనొప్పేమో అనుకున్నా. మెల్లగా చెప్పారు. రెండు రోజుల ముందు ఒక అమ్మాయి పేరుతో ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది, మెసెంజర్‌లో పలకరింపులు, వాట్సాప్ నంబర్ అడిగింది, ఈయన ఇచ్చారు. బుధవారం రాత్రి పదిన్నరకి వీడియో కాల్. ఎత్తితే అవతల ఒంటి మీద బట్టల్లేని అమ్మాయి. నిమిషం కూడా నడవలేదు, కట్ అయింది. ఐదు నిమిషాల్లో అదే వాట్సాప్‌కి ఒక వీడియో వచ్చింది, ఒక పక్క ఆ అమ్మాయి, ఇంకో పక్క మామయ్య ముఖం. దాని వెనకాలే ఫేస్‌బుక్ ఫ్రెండ్స్ లిస్టు స్క్రీన్‌షాట్లు, మా ఆవిడ పేరు చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి మరీ.

కాల్‌లో ఏం జరిగింది, ఈయన ఏం చేశారు అనేది నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. మీ ఇంట్లో ఎవరైనా మీకు ఇలా ఫోన్ చేస్తే మీరూ అడక్కండి, ఆ వివరంతో ఏ పనీ లేదు. అవతల ఉన్నది అమ్మాయి కూడా కాదు, ముందే రికార్డు చేసిన వీడియోని కెమెరాకి చూపిస్తారట. ఈ సంగతి తర్వాత కానిస్టేబుల్ చెబితే తెలిసింది.

ఆ రాత్రే 8,000 అడిగారు, పంపారు. డిలీట్ చేశాం అంటూనే ఇంకో 21,000 అడిగారు, అదీ పంపారు. గురువారం పొద్దున్నే వేరే నంబర్ నుంచి ఇంకొకడు, హిందీలో. ఢిల్లీ సైబర్ క్రైమ్ ఏసీపీని అన్నాడట. డీపీలో యూనిఫామ్ ఫోటో, కాసేపటికి మూడు సింహాల గుర్తుతో అరెస్ట్ వారంట్ అని ఒక పీడీఎఫ్. మీ వీడియో యూట్యూబ్‌లో ఎక్కింది, తీయించుకోవాలంటే ఫలానా యూట్యూబ్ ఉద్యోగితో మాట్లాడండి అని నంబర్ ఇచ్చాడు. ఆ ఉద్యోగి తీయడానికి 31,500 అడిగాడు, అందులో 30,000 తిరిగొస్తుంది, అది డిపాజిట్ మాత్రమే అన్నాడు. ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి పంపించేశారు. మధ్యాహ్నం రెండో వీడియో కూడా ఉందని మళ్లీ 31,500. మొత్తం 92,000. సాయంత్రానికి కథ మారింది, ఆ అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది, లెటర్‌లో నీ పేరు రాసింది, కేసు సెటిల్ చేయాలంటే రెండున్నర లక్షలు. అంత డబ్బు ఫోన్‌పేలో వెళ్లదు కాబట్టి ఆగారు, ఆగారు కాబట్టి నాకు ఫోన్ చేశారు.

"పోలీసులే అడుగుతున్నారు కదా బాబూ, ఇంక ఎవరి దగ్గరికి పోవాలి?" అన్నారు. చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు ఇరుక్కుంటారో నాకు అక్కడ అర్థమైంది. మొదటి బెదిరింపు పరువు గురించి, రెండోది జైలు గురించి. ఒకదానికి తట్టుకున్నవాళ్లు రెండోదానికి కూలిపోతారు. పైగా సాయం అడగాల్సిన పోలీసు వేషంలోనే దొంగ వస్తాడు, దాంతో ఆ దారి కూడా మూసుకుపోతుంది.

నేను ముందు చెప్పింది రెండు మాటలు. ఇంక రూపాయి పంపొద్దు, ఏదీ డిలీట్ చేయొద్దు. ఆయన అప్పటికే సగం చాట్ డిలీట్ చేసేశారు, భయంతో. వాట్సాప్‌లో పోయినా ఫోన్‌పేలో లావాదేవీలు ఉంటాయి కదా అని వాటి స్క్రీన్‌షాట్లు తీసి పంపమన్నా. తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్. అప్పట్లో ఏ ఫోన్ చేసినా ముందు వినిపించిన ఆ సైబర్ మోసాల హెచ్చరిక కాలర్ ట్యూన్‌ని అన్నాళ్లూ విసుక్కున్నాను కానీ, ఆ నంబర్ వెతక్కుండా నోటికి వచ్చిందంటే దాని పుణ్యమే.

1930 వాళ్లు కథ అడగరు, లెక్క అడుగుతారు. ఏ బ్యాంకు, ఖాతా నంబర్ ఎంత, ఏ రోజు ఎన్ని గంటలకు ఎంత పంపారు, ప్రతి దానికీ 12 అంకెల యూటీఆర్ నంబర్, అంటే ఆ లావాదేవీ గుర్తింపు నంబర్. ఇది చాలామందికి తెలియదు, ఫోన్‌పేలో హిస్టరీలోకి వెళ్లి ఆ లావాదేవీ తెరిస్తే కింద ఉంటుంది. మామయ్యని కాన్ఫరెన్స్‌లో కలిపాను, ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె చదువుతుంటే చేతులు వణుకుతున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది. వీడియో ఏంటి, అమ్మాయి ఎవరు అని వాళ్లు ఒక్క మాట అడగలేదు. బెదిరించి తీసుకున్నారు అంటే చాలు, రాసుకున్నారు. అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్‌తో మెసేజ్ వచ్చింది, 24 గంటల్లో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపమన్నారు.

అది ఆ రాత్రి నేనే నింపాను. ఆధార్ ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్, స్క్రీన్‌షాట్లు ముందే ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే టైమ్ కలిసొస్తుంది. ఏం జరిగిందో రాసే పెట్టెలో కనీసం 200 అక్షరాలు ఉండాలి, రూపాయి గుర్తులు, స్టార్లు లాంటివి పెడితే తీసుకోదు. నేను వాట్సాప్ మెసేజ్‌లు యథాతథంగా అతికిస్తే వెనక్కి కొట్టింది, మళ్లీ సాదాగా రాశాను.

డబ్బుల కన్నా ఆ రాత్రి నాకు వేరే టెన్షన్ ఎక్కువైంది. మాటల మధ్యలో "నేను లేకపోతే ఈ గొడవే ఉండదు కదా" అన్నారు మామయ్య. మామూలుగా అనే మాట కాదది. పక్కింట్లో ఉండే ఆయన స్నేహితుడికి ఫోన్ చేసి, మామయ్యకి కొంచెం ఒంట్లో బాలేదు, ఈ రాత్రికి అక్కడే పడుకోండి అని బతిమాలాను. ఏమీ అడక్కుండా దుప్పటి తీసుకుని వెళ్లారాయన. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అని ప్రభుత్వానిదే ఉచిత నంబర్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఇచ్చాను. అప్పుడు చేయలేదు, వారం తర్వాత చేసి అరగంట మాట్లాడారట. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు, అడగనూ లేదు.

మా ఆవిడకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు కాబట్టి, పొలం పాస్‌బుక్ పని ఉందట, పొద్దున్నే వెళ్లొస్తా అని ఇంట్లో చెప్పి శుక్రవారం బయల్దేరాను. అసలే సంక్రాంతికి ఊళ్లకి పోయే జనం, పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు వైకుంఠ ఏకాదశి కూడా. ప్రతి ఏడాదీ తెల్లవారుజామునే ఉత్తర ద్వార దర్శనానికి క్యూ దగ్గర నిలబడి జనాన్ని సర్దే మనిషి, తలుపులు వేసుకుని హాల్లో కూర్చుని ఉన్నారు. గుడి మైకు ఇంట్లోకి వినిపిస్తోంది. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి ఉంది, వెలిగినప్పుడల్లా టేబుల్ అంచు మెరుస్తోంది.

ఆ ఫోన్ నేను తీసుకున్నాను. బెదిరించే నంబర్లన్నీ, ఆ ఫేస్‌బుక్ ప్రొఫైల్ లింకు సహా, స్క్రీన్‌షాట్ తీశాక బ్లాక్ చేశాను. లింకు ఎందుకంటే పేరు వాళ్లు క్షణంలో మార్చేస్తారు, పేరు ఒక్కటే ఉంటే పోలీసులకి కూడా పనికిరాదు. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ ఉంది, అది పెట్టాను. మోత ఆగాక ఆయన మొదటిసారి మంచినీళ్లు అడిగారు.

స్టేషన్‌కి వెళ్తే రైటర్, అంటే అక్కడ కాగితాలు రాసే పోలీసు, దగ్గర కూర్చోబెట్టారు, దాదాపు రెండు గంటలు. ఒకరు "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మాస్టారూ" అని నవ్వారు. మామయ్య లేచి బయటికి వెళ్లిపోబోయారు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను, అంతకన్నా ఏం చేయలేకపోయాను. అదృష్టం ఏంటంటే సైబర్ కేసులు చూసే కానిస్టేబుల్ ఒకతను, సైబర్ వారియర్ అంటారట, కుర్రాడు, మధ్యలోకి వచ్చి మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. "సార్, మీ కన్నా ముందు ఇదే కుర్చీలో ఎవరెవరు కూర్చున్నారో చెప్తే మీరు నమ్మరు" అన్నాడు. ఎవరో చెప్పలేదు, అది ఇంకా నచ్చింది నాకు. రాజస్థాన్‌లో భరత్‌పూర్, హర్యానాలో నూహ్, ఆ మేవాత్ చుట్టుపక్కల నుంచి ఇలాంటి ముఠాలు ఎక్కువ నడుస్తాయి, సిమ్ ఒక రాష్ట్రంలోది, ఖాతా ఇంకో రాష్ట్రంలోది, మనిషి మూడో చోట ఉంటాడు అని చెప్పాడు. దొరుకుతారా అంటే "చెప్పలేం సార్" అన్నాడు నిజాయితీగా.

ఇక్కడ నేను అస్సలు ఊహించని చిక్కు వచ్చింది. ఫిర్యాదుకి స్క్రీన్‌షాట్ల ప్రింట్లు జత చేయాలన్నారు. చిన్న ఊరు. సెంటర్‌లో ఉన్న జిరాక్స్ షాపు కుర్రాడు మామయ్య దగ్గర చదువుకున్నవాడే, రెండో షాపు గుడి కమిటీ ఆయనది. ఆ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపించి ప్రింట్ ఇవ్వమంటే ఊరంతా మనమే చెప్పుకున్నట్టు. మామయ్య ముఖం చూస్తే అర్థమైంది, వీడియో కన్నా ఆ జిరాక్స్ షాపుకే ఎక్కువ భయపడుతున్నారు. కానిస్టేబుల్‌ని అడిగితే దారి చెప్పాడు. బెదిరింపు మెసేజ్‌లు, నంబర్లు, డబ్బు పంపిన వివరాలు మాత్రం ప్రింట్ ఇవ్వండి, వీడియో, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే చాలు అని. ఆ ప్రింట్లు కూడా నేను నల్గొండ వెళ్లి, ముఖం తెలియని షాపులో, నా ఫోన్ నుంచి తీయించి, తర్వాత వాళ్ల కంప్యూటర్‌లో ఫైళ్లు పోయాయో లేదో చూసుకుని వచ్చాను. కలర్ పేజీకి పది రూపాయలు, పెన్‌డ్రైవ్ 400 దాకా. డబ్బు పెద్దది కాదు, సగం రోజు పోయింది.

ఎఫ్ఐఆర్ ఆ సాయంత్రం అయింది. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో బెదిరించి వసూలు చేయడం సెక్షన్ 308 కిందికి వస్తుంది, మోసం 318, దాంతోపాటు ఐటీ చట్టం సెక్షన్లు పెట్టారు. కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి, చివరిదాకా పనికొచ్చేది అదే. మామయ్య అడిగిన ప్రశ్న ఒక్కటే, పేపర్లో వస్తుందా అని. విలేకరులు రోజూ సాయంత్రం స్టేషన్‌కి వస్తారని ఊళ్లో అందరికీ తెలుసు. ఎస్ఐ గారు పేరు బయటికి పోదు అని మాట ఇచ్చారు, నిజంగానే పోలేదు.

డబ్బు సంగతి. గురువారం మధ్యాహ్నం పంపిన చివరి 31,500లో 26,400 అవతలి ఖాతాలో ఇంకా ఉంది, దాన్ని ఆపగలిగారు. అంతకు ముందు పంపినవన్నీ అప్పటికే ఏటీఎంలో తీసేసుకున్నారు. సాయంత్రం కాకుండా మర్నాడు ఫోన్ చేసి ఉంటే ఆ 26,400 కూడా మిగిలేది కాదు.

శుక్రవారం రాత్రి అసలు గండం. ఇంకో కొత్త నంబర్ నుంచి మెసేజ్, పన్నెండు లోపు డబ్బు రాకపోతే కూతురికి పంపుతాం అని. మామయ్యా, వాళ్ల దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే, ఆవిడకి తెలియకపోవడం, ఆ ఒక్కటి మనమే తీసేద్దాం అన్నాను. చాలాసేపు తల అడ్డంగా ఊపారు. చివరికి "నువ్వే చెప్పు. నా ముందు మాత్రం వద్దు" అన్నారు. వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్లి ఫోన్ చేశాను. అంతా విని తను అడిగిన మొదటి మాట, నాన్న అన్నం తిన్నాడా అని. రెండో మాట, పాస్‌బుక్ అని నాతో అబద్ధం చెప్పారా అని. మొదటిదానికి ఆ రాత్రే జవాబు చెప్పాను, రెండోదానికి ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

తర్వాత పని తనే చేసింది. మా నాన్నగారి ఫోటో వాడి ఎవరో తప్పుడు వీడియో చేసి డబ్బు అడుగుతున్నారు, పోలీసు కేసు పెట్టాం, మీకు ఏదైనా వస్తే తెరవకుండా ఆ నంబర్ స్క్రీన్‌షాట్ నాకు పంపి రిపోర్ట్ కొట్టండి, ఎవరికీ ఫార్వార్డ్ చేయొద్దు, అది కూడా నేరమే అని నాలుగు ముక్కలు రాసి చుట్టాల గ్రూపులో, టీచర్ల గ్రూపులో పెట్టింది. పెట్టిన గంటకి అన్నంత పనీ చేశారు వాళ్లు. మామయ్య బావమరిదికి, ఒక పాత సహోద్యోగికి, ఇంకో ఇద్దరికి వీడియో వెళ్లింది. బావమరిది తెరవకుండానే స్క్రీన్‌షాట్ పంపి, ఇంకేమైనా డబ్బు అవసరమా అని అడిగారు. సహోద్యోగి మర్నాడు ఇంటికి వచ్చి, సంక్రాంతికి గుడి ముగ్గుల పోటీకి జడ్జిగా ఎవరిని పిలవాలి అనే విషయం మీద గంటసేపు వాదించి వెళ్లారు, వీడియో ఊసే లేదు. ఒకాయన మాత్రం "అసలేం జరిగింది మాస్టారూ" అని పరామర్శ పేరుతో కూపీ లాగాలని చూశాడు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. ఆ తర్వాత నాలుగైదు రోజులు కొత్త కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు వచ్చాయి, రోజురోజుకీ రేటు తగ్గిస్తూ. చివరి మెసేజ్‌లో 2,000 ఇచ్చినా చాలు అన్నారు. కనుమ తర్వాత ఆగిపోయాయి. డబ్బు రాదని తెలిస్తే వాళ్లకీ టైమ్ వేస్టే కదా.

ఆ రోజుల్లోనే స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైటులో కూడా నమోదు చేశాం. బ్రిటన్‌లో ఒక సహాయ సంస్థ నడిపేది, 18 దాటినవాళ్ల కోసం. వీడియో మన ఫోన్ దాటి పోదు, దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రం తయారై ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటికి వెళ్తుంది, ఎవరైనా అదే వీడియో పెడితే అవి పట్టుకోవడానికి. కేసు నంబర్, పిన్ ఇస్తారు, పిన్ పోతే మళ్లీ ఇవ్వరు, కాగితం మీద రాసుకోండి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని ఇది ఆపలేదు. 18 లోపు పిల్లలకైతే టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది. యూట్యూబ్‌లో ఎంత వెతికినా ఆ వీడియో లేదు, ఎప్పుడూ లేదు. వీడియో తొలగించడానికి యూట్యూబ్ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు.

మార్చిలో ఇంకో ఫోన్. సైబర్ సెల్ రిఫండ్ విభాగం నుంచి అట, మీరు పోగొట్టుకున్న డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్‌కి 4 శాతం కట్టండి అని. ఎంత పోయిందో రూపాయితో సహా చెప్పాడట. మళ్లీ అదే ముఠానో, లిస్టు అమ్ముకున్నారో తెలియదు. మామయ్య "ఎఫ్ఐఆర్ నంబర్ చెప్పండి, రాసుకుంటా" అన్నారు. ఫోన్ కట్. ఆ రోజు నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతులో పాత హెడ్‌మాస్టర్ వినిపించాడు.

ఆపిన డబ్బు దానంతట అదే ఖాతాలోకి వచ్చేయలేదు, మాకప్పుడు కోర్టు ఆర్డర్ కావాల్సి వచ్చింది. తెలంగాణలో లోక్ అదాలత్ రోజుల్లో ఇలాంటివి ఒకేసారి తేలుస్తారు. ఆగస్టులో స్టేషన్ నుంచి పిలిచి పిటిషన్ మీద సంతకం తీసుకున్నారు, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఎఫ్ఐఆర్ కాపీ, 1930 అక్‌నాలెడ్జ్‌మెంట్ అడిగారు. సెప్టెంబర్ 13న లోక్ అదాలత్. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. పొద్దున పదికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల వేళకి అయింది, లోపల పట్టింది రెండు నిమిషాలే. పేరు పిలిచినప్పుడు కేసు ఏంటో చదువుతారేమో అని మామయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నంబర్, పేరు, మొత్తం, అంతే చదివారు. ఆర్డర్ కాపీ బ్యాంకుకి వెళ్లాక ఇంకో మూడు వారాలు పట్టింది, దసరా అయిపోయాక 26,400 జమ అయింది. మిగతా 65,600 మీద ఆశ లేదు. కేసు ఇంకా అలాగే ఉంది, ఎవర్నీ పట్టుకోలేదు. ఆ కానిస్టేబుల్ బదిలీ అయ్యాడు, వెళ్లేముందు కొత్తగా వచ్చిన అతని నంబర్ ఇచ్చి, ఏ నంబర్ నుంచి మళ్లీ మెసేజ్ వచ్చినా ముందు ఇతనికి పంపండి అని చెప్పాడు.